చేప ఎదుట మర్యాద

గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి మంచినీళ్ళిమ్మని మా పెదనాన్న చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆయన మర్యాదంతా ఒక చేపకే సరిపోయేది. విశాఖపట్నం నుంచి చీపురుపల్లికి అపురూపంగా తెచ్చుకున్న సీతాకోకచిలుక చేప అది. పసుపు ఒళ్ళు, కళ్ళ మీద దొంగకున్నట్టు నల్లటి పట్టీ. హాల్లో ఉప్పునీటి అక్వేరియంలో ఉండేది. మేం రొయ్యలో చేపలో తినడానికి కూర్చుంటే చాలు, పెదనాన్న లేచి ఆ గాజుతొట్టెకు తన తువ్వాలు కప్పేవారు.

"దాని ఇరుగుపొరుగోళ్ళని దాని ఎదురుగా తింటే ఏటనుకుంటాది?"

"నాను వండినప్పుడు లేని సిగ్గు, మీకు తినేటప్పుడు వస్తాదేటి?" అనేది పెద్దమ్మ.

ఇది గట్టి చేప, ఏదైనా తింటుందని దుకాణం వాడు చెప్పాడట. అది మాత్రం డబ్బాలోని మేతను ముట్టనే లేదు. వారం తిరిగేసరికి దాని పొట్ట లోపలికి పోయింది. పెదనాన్నకూ ముద్ద దిగడం మానేసింది. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ విసిగిపోయి, కూరకని ఒలిచిన పచ్చి రొయ్యలోంచి ఒక ముక్క తుంచి తొట్టెలో పడేసింది. చేప ఒక్క ఉదుటున వచ్చి దాన్ని పీక్కుతింది.

పెదనాన్న కుర్చీలో కూలబడ్డారు.

"ఒసే, సిగ్గు లేదేటే నీకు?"

"ఎవుర్నండీ?" అంది పెద్దమ్మ.

"నిన్ను కాదే, దాన్ని!"

సాయంత్రం దాకా తిడుతూనే ఉన్నారు. తిడుతూనే కత్తిపీట ముందేసుకుని, రెండో రొయ్యను ఆ చిన్న నోటికి పట్టేలా సన్నగా తరిగారు.