సానమ్మ చేతిలో చీమ

సానమ్మ అసలు పేరు పనిచోట ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళుగా అంబరు రాళ్ళను సాన పడుతోంది కనుక ఆ పేరే స్థిరపడిపోయింది. ఏ కాలంలోనో చెట్టు కార్చిన బంక భూమిలో గట్టిపడితే అంబరు. అందులో పురుగు చిక్కుకుని ఉంటే, రాయిని ఒక పక్క నునుపుగా అరగదీసి, కిటికీ తెరిచినట్టు దాన్ని చూపించడం ఆమె పనితనం.

ఏడాదిగా ఆమె కుడికన్ను మసకబారింది. ఎడమదీ అదే దారి పట్టింది. నరం ఎండిపోతోందనీ, చేయగలిగిందేమీ లేదనీ డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి పక్కబల్ల దగ్గర పనిచేసే కూతురికి తప్ప మరెవరికీ తెలియనివ్వలేదు.

ఒకరోజు పొద్దున్నే యజమాని వేలిగోరంత రాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పరిశోధన చేసే మేడమ్ వచ్చి పక్కనే కూర్చుంది. లోపల చీమ ఉందట. దవడలు కొడవళ్ళలా కిందినుంచి పైకి లేచి ఉన్నాయట. కోట్ల ఏళ్ళ కిందటే ఆ వంశం అంతరించిందనీ, ఇలాంటిది ఇదొక్కటే దొరికిందనీ, ముఖం ఎదురుగా కనబడితేగాని పేరు పెట్టలేమనీ మేడమ్ చెప్పింది.

కూతురు తల్లి దగ్గరకు వంగింది. "అమ్మా, ఇది నాకిచ్చెయ్."

"ఇస్తే ఎందుకని అడుగుతారే. నా వేళ్ళకు తెలుసులే."

సన్నటి గరుకు కాగితం మీద రాయిని మెల్లగా రుద్దింది. కాసేపటికోసారి ఎత్తి వెలుతురులో చూసింది. గోధుమరంగు మసక తప్ప ఏమీ ఆనలేదు. ఇంకో రెండుసార్లు రుద్దింది.

"ఆగండి," అంది మేడమ్.

అప్పటికే అయిపోయింది. సగం తల, ఆ దవడలు కాగితం మీద పసుపుపచ్చని పొడి అయిపోయాయి.  మేడమ్ తన భూతద్దం సంచిలో పెట్టుకుంది.

యజమాని వచ్చి ఆ పొడినీ, సానమ్మ కళ్ళనూ మార్చి మార్చి చూసి, ఎన్నాళ్ళ నుంచి కనబడటం లేదని అడిగాడు. ఏడాదని చెప్పింది. ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

కూతురు తలెత్తలేదు. "తెలీదండీ."

 సానమ్మ, "దానికేం తెలుసండీ," అని తనే అందుకుంది. గోడ తడుముకుంటూ ఒక్కతే బయటికి నడిచింది.

కూతురు ఇప్పటికీ రోజూ పనికి వెళ్తోంది. అక్కడి మాట ఇంట్లో ఎత్తదు. తల్లీ అడగదు. చలికాలం రాకముందే ఎడమకన్ను కూడా పోయింది.