ఎస్తేరమ్మ వద్దన్న బండి

తోపుడుబండ్ల గురించి ఎన్ని మీటింగులు పెట్టినా, వాటిని చేసే మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు. సర్కారు ఉచితంగా పంచే బండ్ల చక్రాలు చిన్నవని, గుంతలో పడితే లేవవని నేను పెట్టిన అర్జీలకు ఇంతవరకు జవాబు లేదు. వేలూరు ఆఫీసులో నన్ను నిలబెట్టి, ఖాళీ కుర్చీలో తన టిఫిన్ క్యారియర్‌ను కూర్చోబెట్టిన గుమాస్తా మొహం ఈరోజుకీ మరిచిపోలేదు. సరే, నా గోడు పక్కనపెట్టి, కరోనా తగ్గిన మరుసటి వేసవిలో తమిళనాడులోని మా గుడియాత్తంలో జరిగింది చెబుతాను.

నాది వెల్డింగ్ షెడ్డు. బండి చేయించుకునే మనిషిని ముందు నిలబెట్టి, మోచేతి ఎత్తు చూసి యాంగిల్ కోస్తాను. యాంగిల్ అంటే రెండు రెక్కలుగా మడిచినట్టుండే ఇనుప పట్టీ. బండికి ఎముకలు అవే. బస్టాండు దగ్గర అంబలి పోసే ఎస్తేరమ్మ పొట్టి మనిషి. కుండ అడుగుదాకా ఆమె చెయ్యి అందేలా బండి ఎత్తు తగ్గించి, కుండ కదలకుండా పైన ఒక రింగు వేశాను. రింగు లేకపోతే మట్టికుండ మొదటి గుంతలోనే పగులుతుంది.

ఆ వేసవిలో ఎవరో పెద్దాయన వస్తున్నాడని రోడ్డు ఖాళీ చేయించారు. బండ్లన్నీ మునిసిపాలిటీ లారీకెక్కించారు. ఆయన వచ్చి వెళ్లాక కూడా అవి తిరిగి రాలేదు. ఎస్తేరమ్మ మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి, వేలూరు మీటింగులో కొత్త బండి ఇస్తాం రమ్మన్నారు. నా అర్జీ సంగతి కూడా తేలుతుందేమోనని నేనూ వెంట వెళ్లాను.

కొత్త బండి మెరిసిపోతోంది. స్టీలు పలక, రంగుల గొడుగు. రింగు లేదు. ఫొటో కోసం పిడి పట్టుకోమన్నాడు ఆఫీసరు. ఎస్తేరమ్మ చెయ్యి చాపలేదు.

“నా బండి యాడుండాది సార్?”

“అదెందుకమ్మా? సుమ్మా, ఊరికే ఇస్తావుంటే వద్దంటావా?”

“సుమ్మా ఇచ్చింది, మీకు కోపమొస్తే మళ్లా ఎత్తుకపోతారు. అది నేను చేయించుకున్నది. నాది నాకియ్యండి.”

ఆఫీసరు నవ్వాడు. “గవర్నమెంటు ఒప్పుకుంటేనే కదమ్మా నువ్వు రోడ్డు మీద అమ్మేది?”

“ఎండకి దప్పికైనోడు అడగతాడు, నేను పోస్తాను. మా ఇద్దరి నడుమ మీరెప్పుడొచ్చినారు సార్? దోవకి అడ్డముంటే జరగమనండి, జరగతా. కుండ మురిగ్గా ఉంటే తిట్టండి, పడతా. అది మీ పని. నా బండి ఎత్తుకపోయేది ఏం పని?”

“అవ్వా, ఫొటో దిగి వచ్చేయ్, టీ ఆరిపోతా ఉండాది” అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఒక్కరూ నవ్వలేదు.

నా జేబులో ఉన్న అర్జీలో ప్రతి వాక్యం చివర “దయచేసి ఇప్పించగలరు” అని రాసుకున్నాను. ఆమె నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఎత్తుకెళ్లిన బండ్లు పడేసే మునిసిపాలిటీ యార్డులో వెతుక్కోమన్నారు. గుడియాత్తం తిరిగొచ్చి చూస్తే, అక్కడ బండ్లన్నిటినీ గ్యాస్ కటింగు చేసి, అంటే మంటతో ఇనుము కోసి, ముక్కలుగా కుప్ప పోశారు. ఎస్తేరమ్మ ఆ కుప్పలో కూర్చుని తన రింగును వెతికి బయటికి తీసింది. దానికి నేను వేసిన అతుకు ఊడలేదు.

“అప్పా, దీని చుట్టూ బండి కట్టు” అంది.

కట్టాను. ఆమె మళ్లీ అదే చోట అంబలి పోస్తోంది.

ఇన్నేళ్లూ నేను ఇవ్వమని అడిగాను, ఇవ్వలేదని అలిగాను. ఎవరూ ఇవ్వనక్కర్లేకుండానే నావైనవి కొన్ని ఉన్నాయని, వాటిని కాపాడమనే ఆ కుర్చీల్లో వాళ్లను కూర్చోబెట్టామని, ఆ పొట్టి మనిషి పక్కన నిలబడ్డాకే తెలిసింది.

అందుకే ఈసారి దయచేసి అనకుండా అడుగుతున్నాను. ఎస్తేరమ్మ బండిని కోయమన్నది ఎవరు? ఏ హక్కుతో? నాకు కుర్చీ అక్కర్లేదు, నిలబడే వింటాను. జవాబు చెప్పండి.