ఉత్తుత్తి రోగి

ఆసుపత్రిలోకి కంప్యూటర్లు దిగిన ఏడాది, నర్సులకు వాటిని నేర్పమని మా కంపెనీ నన్ను హైదరాబాద్ నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ పంపింది. పెళ్ళి కాలేదు, అమ్మానాన్నా లేరు, ఎక్కడికి పొమ్మన్నా పెట్టె సర్దుకుని పోతుందని మా మేనేజరుకు నా మీద గొప్ప నమ్మకం. దేశమంతా కంప్యూటర్ల మోజులో ఉన్న రోజులవి. నాకు మాత్రం ఓ లాడ్జి గది, మెస్సు క్యారియరు, ఎన్నిసార్లు తుడిచినా కిటికీ మీద పేరుకునే బొగ్గు నుసి. ఆదివారాలైతే నోరు విప్పే పనే ఉండేది కాదు.

క్లాసు మొదటి రోజే చిక్కొచ్చిపడింది. కేసు కాగితాల బదులు రోగి వివరాలు తెర మీద ఎక్కించడం నేర్పాలి. "ఏదో ఒక పేరు కొట్టండి, జ్వరమని రాయండి" అన్నాను నా వచ్చీరాని హిందీలో. ఒక్కరూ కీబోర్డు ముట్టలేదు. చెప్పులు గది బయట విడిచొచ్చి, గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. చివరికి హెడ్ సిస్టరు తెలుగులో అందుకుంది. ఘుగ్గుస్ బొగ్గు గని కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవురాలు, మా అమ్మ బతికుంటే ఆ ఈడే.

"లేని రోగం గట్లెట్ల రాస్తం మేడం? ఏ పేరు కొట్టినా అది ఎవలదో ఒకలదే ఉంటది. ఊకెనే వాళ్ళకు తగులుతది."

తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, అందరూ ఈ ఒక్క విషయంలో ఏకమైపోయారు. నాకు ఒళ్ళు మండింది. "సరే, నా పేరే కొట్టండి. తగిలితే నేను చూసుకుంటాను" అన్నాను.

అప్పట్నుంచి నాకు రాని జబ్బు లేదు. మలేరియా వచ్చింది, కాలు విరిగింది, కవలలు కూడా పుట్టారు. పొద్దున్నే గదిలోకి అడుగు పెట్టగానే "మేడం, కాలు ఎట్లుంది?", "పిల్లలు పాలు తాగుతుండ్రా?" అని ఆటపట్టించేవాళ్ళు. కసురుకునేదాన్ని కానీ, నిజం చెప్పొద్దూ, ఆ పలకరింపు కోసమే తొందరగా తయారయ్యేదాన్ని. అబద్ధపు జ్వరమైనా సరే, ఎలా ఉందని అడిగే మనిషి ఉంటే ఎంత బాగుంటుందో అక్కడే తెలిసింది. సాయంత్రం వాళ్ళంతా లూనాల మీద, భర్తల స్కూటర్ల వెనక ఇళ్ళకు పోతే నా జబ్బులు అక్కడితో నయమైపోయేవి.

ఆఖరి పాఠం మరణం. అది ఎక్కిస్తే మళ్ళీ దిద్దడానికి ఉండదని ముందే చెప్పాను. ఈసారి కుర్చీలో కూర్చోడానికే ఎవరూ ఒప్పుకోలేదు. "బతికున్న మనిషిని సంపుడేంది? దేవుడు చూస్తుండు" అని హెడ్ సిస్టరు మొహం తిప్పుకుంది. నేనే కూర్చుని, నవ్వుతూ నన్ను నేనే చంపేసుకున్నాను. తేదీ, కారణం అన్నీ అయ్యాయి. తర్వాతి గడి దగ్గర కర్సరు ఆగింది. శవాన్ని ఎవరికి అప్పగించారు?

ఆ గడి ఖాళీగా వదిలితే తెర ముందుకు పోదు. వేళ్ళు కీల మీద పెట్టుకుని కూర్చున్నాను. అత్తలు, బాబాయిలు, కలిసి చదువుకున్నవాళ్ళు, ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వీళ్ళలో నా కోసం చంద్రపూర్ దాకా ఎవరొస్తారు అని చూసుకుంటే ఒక్కరూ మిగల్లేదు. వెనక నుంచి నర్సులంతా చూస్తున్నారు. అంత ఒంటరితనం లాడ్జిలో కూడా ఎప్పుడూ తెలియలేదు.

"మేడం," అంది పక్కనున్న రాజూరా ఊరి పిల్ల, పాఠం ఒప్పజెప్పే హుషారుతో. అప్పుడే ఉద్యోగంలో చేరిన నర్సు. "ఎవలు రాకపోతే లావారిస్ అని కొట్టాలె గదా. మీరే చెప్పిండ్రు."

తీసుకుపోయే దిక్కులేని శవాల కోసం పెట్టిన మాట అది. పిల్ల తప్పేం లేదు, బాగా నేర్చుకుంది. "కరెక్ట్" అన్నాను. గొంతు వణక్కుండా అన్నానని ఇప్పటికీ నాకు చిన్న గర్వం. గబగబా కొట్టేసి ఎంటర్ నొక్కాను. నా పేరు తెర మీద నుంచి పోయింది.

హెడ్ సిస్టరు నా కుర్చీ వెనకకు ఎప్పుడొచ్చిందో నేను చూసుకోలేదు.

"దాన్ని మళ్ళ దిద్దొచ్చునా?" అంది.

వీల్లేదన్నాను.

ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. "గంత తొందరేంది బిడ్డా? నా పేరు రాయమని చెప్దామనే వస్తుంటి."