ఇరవై ఒకటి నిండకముందే

నెలకోసారి మా ఇంట్లో ఊపిరి బిగబట్టే రోజు ఒకటి వస్తుంది. దాన్ని మేం బులెటిన్ రోజు అంటాం. గ్రీన్ కార్డు కోసం మా ఆయన కంపెనీ అర్జీ పెట్టిన తేదీని బట్టి క్యూలో మాకో చోటు ఉంటుంది. ఏ తేదీ దాకా అర్జీ పెట్టినవాళ్ళ వంతు వచ్చిందో ప్రభుత్వం నెలనెలా ప్రకటిస్తుంది. అంతే సంగతి. వినడానికి రేషన్ షాపు క్యూలాగే ఉంటుంది గానీ, ఈ క్యూలో నిలబడే మేం టెక్సస్‌లోని ఈ ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం, పిల్లని పెంచాం, జుట్టుకు రంగేసుకోవడం మొదలుపెట్టాం. పైగా క్యూ ముందుకే నడవాలని రూలేం లేదు. ఒక్కో నెల వెనక్కి కూడా నడుస్తుంది. ఆ నెల మా ఆయన ముఖం చూడాలి!

ఎదురింట్లో నిజామాబాద్ వాళ్ళుంటారు. ఆవిడని నేను అక్కా అంటాను. వాళ్ళదీ ఇదే క్యూ, మాకన్నా వెనక. బులెటిన్ వచ్చిందంటే ఆవిడ ఫోన్ చెయ్యదు, వచ్చి బెల్లు కొడుతుంది. తేదీ కదలని నెల చేతిలో గిన్నె ఉంటుంది. “ఏం జరగలే. సర్వపిండి చేసిన, తిను” అంటుంది. మా ఇంట్లో సర్వపిండికి ఎప్పుడూ కొదవ లేదంటే మా క్యూ ఎలా నడిచిందో అర్థం చేసుకోండి.

అక్కవాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టారు, పుట్టుకతోనే అమెరికా పౌరులు. అందుకని వాళ్ళకి కావలసింది ఓపిక ఒక్కటే. మాకు అలా కాదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది. అడుగులు కూడా సరిగ్గా పడనప్పుడు చంకనేసుకుని వచ్చాం. దానికి తెలిసిన ఊరు ఇదే. కానీ ఇరవై ఒకటి నిండేదాకే అది మా క్యూలో మా వెంట ఉంటుంది. ఈలోగా మా వంతు వచ్చి, ముగ్గురి అప్లికేషన్లూ పడితే సరి. దాటిందా, చట్టం దృష్టిలో అది మా పిల్ల కాదు, ఎవరో పెద్దమనిషి. చదువు వీసా తెచ్చుకుని, ఉద్యోగం వెతుక్కుని, ఇదే క్యూలో చిట్టచివర పోయి నిలబడాలి. లేదంటే ఊహ తెలియకముందు వదిలేసి వచ్చిన దేశానికి పెట్టె సర్దుకోవాలి.

లోకంలో తల్లులందరూ పిల్ల ఎదుగుతుంటే మురిసిపోతారు. నాకు గుండె గుబగుబలాడేది. పుట్టినరోజు వస్తోందంటే చాలు, రెండు వారాల ముందునుంచీ ముక్కు మీద కోపం. పద్దెనిమిదో పుట్టినరోజున దాని ఫ్రెండ్స్ అంతా చేరి “యూ ఆర్ యాన్ అడల్ట్!” అని ఇల్లెగిరిపోయేలా కేకలు పెడుతుంటే ఒళ్ళు మండిపోయి వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేశాను. పాపం, ఆ పిల్లలకేం తెలుసు? మళ్ళీ చీర సర్దుకుని, నవ్వు పులుముకుని, కేకు ముక్కలు పంచాను. నా దిగులు దానికి తెలియనిచ్చే ప్రసక్తే లేదు.

అది ఆస్టిన్‌లో కాలేజీ చదువుతోంది. ఇరవై ఒకటికి ఇక రెండు నెలలైనా లేవనగా ఒకరోజు మా బెల్లు మోగింది. మోగుతూనే ఉంది. తలుపు తీస్తే అక్క. చేతిలో గిన్నె లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు.

“మీ డేట్ వచ్చేసిందే! పిల్ల గట్టెక్కినట్టే పో!”

గుమ్మంలోనే ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. వాళ్ళ తేదీ ఇంకా రాలేదన్న సంగతి నాకు సాయంత్రానికి గానీ తట్టలేదు. ఆవిడకి మాత్రం తన డేట్ కన్నా మా పిల్లే ముందు గుర్తొచ్చింది. అలాంటి మనిషి ఎదురింట్లో ఉంటే ఈ దేశంలో ఎన్నేళ్ళయినా నిలబడొచ్చు.

అక్కడినుంచి ఉరుకులూ పరుగులూ. లాయరమ్మ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది. మా వంతు తెరిచిన ఆ నెల్లోనే అప్లికేషన్లు చేరాలి. వచ్చే నెల తేదీలు వెనక్కి పోయేలా ఉన్నాయి, ఈలోగా పుట్టినరోజు వచ్చేస్తుంది, ఇక పిల్లని తను కూడా కాపాడలేనంది. అప్లికేషన్‌తో పెట్టాల్సిన మెడికల్ టెస్టుకి అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమైంది. తీరా వెళ్తే ఆ వెయిటింగ్ రూమ్ పెళ్ళి విడిదిలా ఉంది, అందరూ మనవాళ్ళే. పక్కన కూర్చున్నావిడ తన ఫైలు నా ఒళ్ళో పెట్టి, కాస్త చూస్తుండండి అని బాత్‌రూమ్‌కి వెళ్ళింది. ఆ రిపోర్టులన్నీ చేతికొచ్చేసరికి నెలలో ఆఖరి గురువారం అయింది. ఆ రోజు సంతకాలు పెట్టి కొరియర్‌లో వేస్తే తెల్లారి లాయర్‌కి అందుతాయి, ఆవిడ సోమవారానికి ప్రభుత్వానికి చేరుస్తుంది. లేకపోతే వీకెండ్ అడ్డొస్తుంది, సోమవారంతో నెల సరి.

మా అమ్మాయి క్లాసులు మానేసి, ఆస్టిన్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ మధ్యాహ్నానికి వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి, ముగ్గురికీ మూడు పెన్నులు పెట్టాను. అప్పుడు మా ఆయన గోడ మీది తెలుగు క్యాలెండర్ వైపు చూశారు.

“ఆగుండ్రి. ఇప్పుడు వర్జ్యం ఉంది. నాలుగున్నర దాంక ఎవ్వలు పెన్ను ముట్టద్దు.”

ఆయనది వరంగల్. మామూలుగా ఇలాంటి పట్టింపులున్న మనిషి కాదు. కానీ ఇన్నేళ్ళు ఒకే క్యూలో నిలబెడితే ఎవరికైనా అన్ని పట్టింపులూ వస్తాయి.

“ఐదింటికి లాస్ట్ పికప్ అండీ!” అన్నాను.

“నాలుగున్నరకు పెట్టి ఉరుకుదాం. పది నిమిషాల తొవ్వనే గద.”

“ఆ టైములో ఈ ట్రాఫిక్‌లో పది నిమిషాలా? మీ వర్జ్యం తగలెయ్య!”

నోటికొచ్చినట్టు తిట్టాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ పెన్ను పట్టుకునే ధైర్యం లేదు. ఆ మాట చెవిన పడకపోతే ఏ గొడవా లేదు. పడ్డాక కూడా సంతకం పెట్టి, రేపు ఏదైనా తేడా వస్తే? ఇది పిల్ల బతుకు. అందుకని టేబుల్‌కి ఆ చివర ఆయన, ఈ చివర నేను, పెన్నుల వంక చూస్తూ కూర్చున్నాం. మా అమ్మాయి పెరుగన్నం తింటూ మా ఇద్దరినీ కాసేపు చూసింది. గిన్నె పట్టుకునే లేచి క్యాలెండర్ దగ్గరికెళ్ళింది.

“నాన్నా, ఈ క్యాలెండర్ ఎక్కడిది?”

“హైదరాబాద్‌ది. మొన్న మా దోస్తు తెచ్చిండు గద.”

“సో… ఈ టైమ్స్ హైదరాబాద్ టైమ్స్ కదా?”

మా ఆయన ఉద్యోగమే ఇక్కడి టీమునీ ఇండియా టీమునీ కలిపి పని చేయించడం. అక్కడ ఎన్నయితే ఇక్కడ ఎన్నవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ మనిషి ఇప్పుడు వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టారు.

“అంటే మనకు పొద్దుగాలనే అయిపోయిందా?”

“నువ్వు పడుకున్నప్పుడే అయిపోయింది నాన్నా! యూ స్లెప్ట్ త్రూ ఇట్!”

ఆయన్ని ఏదైనా ఎత్తి కొడదామని లేచాను. కానీ ఆ ముఖం చూసేసరికి నవ్వొచ్చేసింది. అలా ఇలా కాదు, కడుపు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. ఆయనా మొదలుపెట్టారు. మా అమ్మాయి మా ఇద్దరినీ మందలించి, కాగితాలు ఒక్కొక్కటే మా ముందుకు తోసి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి మరీ సంతకాలు పెట్టించింది. తన సంతకం పెట్టేటప్పుడు మాత్రం నవ్వు ఆపేసి, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా పెట్టింది. చిన్నప్పుడు ‘అ’ దిద్దేటప్పుడు కూడా అంతే.

కారు అదే నడిపింది. ఎదురింటి డ్రైవ్‌వేలోంచి అక్క “పైలంగ పోండ్రి!” అని చేతులూపింది. కొరియర్ షాపులో మా ఆయన కవరు కళ్ళకద్దుకుని కౌంటర్ మీద పెట్టారు. అక్కడున్న అమెరికన్ పెద్దావిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. ఈ నెలంతా అందరూ ఇలాగే ఇస్తున్నారని చెప్పి, తనూ రెండు చేతులా అందుకుంది. ఆవిడని కావలించుకోవాలనిపించింది. వెనక లైనుందని ఆగాను.

వారం తిరక్కముందే లాయరమ్మ ఫోన్ చేసింది. ముగ్గురివీ చేరాయి, రసీదులు వచ్చేశాయి, ఇక పిల్ల వయసుతో బాధ లేదు. ఆవిడ చెప్పినట్టే మరుసటి నెల తేదీలు వెనక్కి నడిచాయి. కార్డులు ఇంకా రాలేదు. రానీ, ఎప్పుడొస్తే అప్పుడే రానీ! వెయిట్ చెయ్యడం మాకు కొత్తా?

ఆ తరవాత కొన్నాళ్ళకే పుట్టినరోజు వచ్చింది. ఆదివారం. తెల్లారి లేచి పరమాన్నం పెట్టాను. నాకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నానట. మా అమ్మాయి నిద్రకళ్ళతో వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపటినుంచి నన్నే చూస్తోంది. ఏమిటే అన్నాను. దగ్గరికొచ్చి వెనకనుంచి పట్టుకుని, నా భుజం మీద గడ్డం ఆనించింది.

“అమ్మా, ఇప్పుడు నేను పెద్దవ్వొచ్చా?”

ఇన్నేళ్ళూ దాచాననుకున్నాను. గరిటె వదిలేసి ఇటు తిరిగి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

“అవ్వవే నా తల్లీ,” అన్నాను. “ఎంత పెద్దదానివి అవుతావో అవ్వు.”