అప్పలమ్మ పిల్లల పేర్ల మధ్య ఊపిరి

ఇరవై ఆరేళ్లుగా ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. టైటిల్స్‌లో నా పేరు రెండుసార్లు పడింది, రెండుసార్లూ తప్పుగానే. ఎవరు వేయించారో నాకు ఇప్పటికీ గుర్తే. కానీ ఇది వేరే ఫిర్యాదు. దీని మీద జూబ్లీహిల్స్‌లోని ఒక సాహితీ సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2023 ఆగస్టు. లక్ష్మిగారు మారిషస్‌లో టీచరు, వయసు అరవై దాటింది. ఆమె ముత్తవ్వ అప్పలమ్మ తెల్లదొరల కాలంలో విశాఖ వైపు నుంచి అక్కడి చెరకు తోటల్లోకి కూలికి వెళ్లింది. ఆ జీవితం మీద లక్ష్మిగారు తెలుగులో కవితలు రాశారు. వాటిని ఆడియోగా తెస్తామని సంఘం ఒప్పుకుంది. చూపు పోయిన తన తల్లికి వాటిని వినిపించాలని ఆమె ఆశ.

రికార్డింగ్‌కి మా థియేటర్‌కు వచ్చి ఆమె ఒక పేజీ చదవగానే సంఘం సెక్రటరీగారు నన్ను పక్కకు పిలిచారు.

"గీ యాసతోని ఎవరింటరన్నా? హీరోయిన్లకే వేరే గొంతు పెడుతున్నం. మంచి ఆర్టిస్టును పిలుస్త, గంటల అయిపోతది."

తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి ఆమే అంది: "మా ఇంట్లో మిగిలిన తెలుగు ఇదేనండీ. మా అమ్మకి ఈ గొంతే తెలుసు."

నేను ఆమెతోనే చదివించాను. తోటలో హాజరు నంబర్లతో పిలిచేవాళ్లట. ఒక కవిత చివర అప్పలమ్మ పొద్దుగూకాక గుమ్మంలో నిలబడి పిల్లల్ని పేర్లతో పిలుస్తుంది: "అప్పన్నా... సింహాద్రీ... నూకాలూ..."

మా పనిలో బ్రెత్ కట్ అని ఉంది. మాటల మధ్య వినిపించే ఊపిరిని తీసేయడం. అలవాటుకొద్దీ అన్నీ తీసేసి ఆమెకు వినిపించాను. మూడు పేర్లూ ఒకదాని వెనక ఒకటి హాజరు పిలుపులా వచ్చాయి.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నూకాలు మా అమ్మమ్మ, బాబూ. పిలవగానే వచ్చే పిల్ల కాదట. వచ్చేదాకా అప్పలమ్మ ఆగేదట. కాస్త ఆగనివ్వరూ?"

ఎవరి మాటా విననివాణ్నని థియేటర్లో నాకు పేరు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఊపిరులన్నీ ఒక్కొక్కటే వెనక్కి పెట్టాను. అప్పటినుంచి ఏ గొంతునైనా ఎవరు వినాలో అడగకుండా ఊపిరి జోలికి పోను.

ఆమె ఒక కాపీ తీసుకుని మారిషస్ వెళ్లిపోయింది. నెల తర్వాత ఫోన్ చేసింది. "నూకాలూ అన్న తర్వాత ఆ ఖాళీలో మా అమ్మ 'వస్తోందమ్మా, వస్తోంది' అంది బాబూ," అని చెప్పింది.

ఆ వారమే సంఘం ఆడియో విడుదల చేసింది. సభలో వెనక వరసలో కూర్చుని విన్నాను. గొంతు ఎవరో ఆర్టిస్టుది. తేటగా ఉంది, ఎక్కడా ఆగలేదు. అట్ట మీద నా పేరు కూడా లేదు, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

సెక్రటరీగారూ, ఆమె గొంతు ఎందుకు తీసేశారు? ఎనభై ఎనిమిదేళ్ల ఆ తల్లి ఒక్క పిలుపుకే బదులు పలికింది. నేను మూడుసార్లు పిలిచాను. ఇది నాలుగోది. జవాబు చెప్పండి.