ఇసుర్రాయి ఆగిన పూట

నా చిన్నప్పుడు మా తాండూరు వీధిలో ఒక మర్యాద ఉండేది. ఏ ఇంట్లోనైనా మొగుడు పెళ్లాన్ని కొడుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు ఇసుర్రాళ్లను గట్టిగా తిప్పేవారు. ఏడుపు బజారు దాకా పోకూడదని, ఆ ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని. వెళ్లి అడగడం తప్పు. రాయి తిప్పితే ఇరుగుపొరుగు ధర్మం నెరవేర్చినట్టే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, అప్పుడు నాకూ అది మర్యాదలాగే కనిపించేది.

పోలీస్ యాక్షన్ అయి కొన్నేళ్లు గడిచాయి. రజాకార్ల భయం పోయింది. మా ఇంట్లో చిన్నాయన భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. కొడంగల్ తోవలో మాకు కంది చేలు ఉండేవి. ఎద్దుల మీద వాడే చెర్నకోల ఆయన ఇంటికి కూడా తెచ్చేవాడు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు.

ఆయన పెళ్లాం, మా చిన్నమ్మది వికారాబాద్. వాళ్ల నాయన బడిపంతులు. పుట్టింట్లో స్త్రీల పాత పత్రికలు ఉండేవట. ఆడవాళ్లే ఏలే రాజ్యాల కథలు వాటిలో వచ్చేవట. అవి చదివీ చదివీ తనే ఒక రాజ్యాన్ని అల్లుకుంది. కొత్త కందులు వచ్చే రోజుల్లో వాటికి ఎర్రమట్టి పట్టించి, నానబెట్టి, ఎండబోసి, పప్పు విసరడానికి వీధిలోని ఆడవాళ్లు మా వాకిట్లో చేరేవారు. రాయికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పాలి. అందరూ పాటలు పాడితే మా చిన్నమ్మ ఆ రాజ్యం కథ చెప్పేది.

అక్కడ ఘోషాలో, పరదాల వెనక ఉండేది మగవాళ్లు. కచేరీలో, రైలు స్టేషనులో, సంతలో అంతా ఆడవాళ్లే. ఆడపిల్ల చదువు ముగిసేదాకా పెళ్లి మాట ఎవరూ ఎత్తరు. అన్ని కులాలకూ ఒకటే బావి. నేరాలు లేక ఠాణా ఖాళీగా పడుంటే అందులో కందులు నిలవ చేస్తారు. ఇది విని ఎదురింటి దుకాణం పెద్దమ్మ, "గట్లయితే మీసాలు ఎవలకు చూపిస్తరే పాపం!" అనేది. నవ్వులకు కందులు చేటలోంచి ఒలికిపోయేవి. ఆ రాజ్యంలో ఒక చట్టం అన్నిటికన్నా పెద్దదని చిన్నమ్మ చెప్పేది. కేక వినబడితే రాళ్లన్నీ ఆగాలి, అందరూ ఆ ఇంటికి నడవాలి. ఆ మాట దగ్గర మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. మా నాయనమ్మ అయితే, "కతకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు. రాయి తిప్పుండ్రి" అని కసిరేది. కొట్టేది ఆమె కొడుకు మరి.

ఈ కథ బజారుకు చేరింది. ఒక రోజు హోటల్లో ఎవడో మా చిన్నాయనను "ఘోష ఎప్పుడు పడ్తవ్ పటేలా?" అని అడిగాడట. మిట్టమధ్యాహ్నం ఆయన చెర్నకోలతో వాకిట్లోకి వచ్చాడు. ఎండబోసిన కందులను చేత్తో కలుపుతున్న చిన్నమ్మను కొప్పు పట్టి ఈడ్చాడు. కందుల మీదే పడేసి కొట్టడం మొదలుపెట్టాడు. రవిక చినిగి వీపు మీద చాళ్లు పడ్డాయి. ఆ కథ అబద్ధమని అందరి ముందూ చెప్పమన్నాడు. ఆమె చెప్పలేదు. కిర్రుచెప్పు కాలితో ఆమె చేతిని తొక్కి, మడమ మెలితిప్పాడు. కందులన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎక్కడిదాకా మట్టో, ఎక్కడినుంచి నెత్తురో నాకు తెలియలేదు. నేను అరుగు స్తంభం పట్టుకుని నిలబడే ఉన్నాను.

అరుగు మీద నాయనమ్మ, మా అమ్మ ఒకే రాయి దగ్గర ఉన్నారు. అలవాటు ప్రకారం నాయనమ్మ చెయ్యి జోరందుకుంది. ఎదురింట్లో రాయి అందుకుంది, ఆ పక్కింట్లో మరొకటి. వీధంతా గరగరమని మోత. ఆ మోతలో చిన్నమ్మ నోరు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు. అప్పుడు ఆమె ఉన్న ఊపిరంతా పోగుచేసుకుని అరిచింది.

"అత్తా, రాయి ఆపు! సస్తున్న! జర ఇనబడనియ్యి!"

నాయనమ్మ చెయ్యి ఆగింది. ఎదురింటి రాయి ఆగింది. ఒకటొకటిగా వీధి వీధంతా ఆగిపోయింది. ఇక మిగిలింది చెర్నకోల చప్పుడు, చిన్నాయన రొప్పు. ఆ చప్పుడు ఆయనకే కొత్తగా వినిపించినట్టుంది, బెదిరి చుట్టూ చూశాడు. "తిప్పుండ్రి! ఎందుకాపిండ్రు? తిప్పుండ్రి!" అని గొంతు చించుకున్నాడు. ఎవరూ తిప్పలేదు.

నాయనమ్మ రాయిలోంచి కట్టెపిడి ఊడబెరుక్కుని దిగింది. ఆయన చెర్నకోల విసిరాడు. అది కన్నతల్లి మెడ మీద పడి చర్మం లేచిపోయింది. ఆమె ఆగలేదు. పిడితో మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఈలోగా ఎర్రమట్టి చేతులతోనే ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చేశారు. ఆయన దుకాణం పెద్దమ్మను కడుపులో తన్నాడు, ఇంకొకామె చెయ్యి కొరికాడు. అయినా వదలకుండా కందులు నిలవ చేసే అర్రలోకి నెట్టి గొళ్లెం పెట్టారు. లోపలినుంచి ఆయన తలుపు తంతుంటే నాయనమ్మ దానికే వీపు ఆనించి కూర్చుంది.

"గిదే నీ ఘోష బిడ్డా. కూసో" అంది.

బయట మగవాళ్లు గుమిగూడారు, మా నాయనతో సహా. వాకిలి నిండా ఆడవాళ్లే ఉండటంతో గడప దాటడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. చిన్నమ్మను రైల్లో వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది గానీ ఆ చేతి వేళ్లు మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు.

ఆమె తిరిగి వచ్చాక, ఆమె వీపుకు మందు రాస్తూ నాయనమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "నీ రాజ్యంల ఎవలూ ఎవల్ని కొట్టరంటివి గద. నేను కొడుకు చెయ్యి ఇరగ్గొట్టిన" అంది. చిన్నమ్మ బోర్లా పడుకునే జవాబు చెప్పింది. "ఆ రాజ్యం ఇంక మస్తు దూరం ఉన్నదత్తా. మనం తొవ్వల ఉన్నం."

చిన్నాయన మారిపోయాడని నేను చెప్పను. చెయ్యి అతుక్కున్నాక కూడా లేచేది. అది లేచినప్పుడల్లా రాళ్లు ఆగేవి, వీధి నిశ్శబ్దమయ్యేది, చెయ్యి దిగేది. ఆయన బతికినంత కాలం అంతే. మంచివాడు కాలేదు, ఒంటరివాడయ్యాడు. నాకు జాలి లేదు.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంటులో ఇసుర్రాళ్లు లేవు, టీవీలు ఉన్నాయి. మొన్న పై అంతస్తులో ఒక ఆడపిల్ల అరిచింది. ఆ వెంటనే అటూ ఇటూ ఇళ్లలో టీవీల మోత పెరిగింది. ఆ మర్యాద ఇంకా చావలేదన్నమాట! నేను మా ఇంట్లో టీవీ కట్టేశాను, ఫ్యాను కూడా కట్టేశాను. మనకెందుకు నానమ్మా అంది మా మనవరాలు. "జర ఇనబడనియ్యి" అన్నాను. నాకు తెలియకుండానే ఆ మాటే వచ్చింది. చేతికర్ర పట్టుకుని మెట్లెక్కి ఆ తలుపు మీద బాదాను. భయం వేయలేదని అబద్ధం చెప్పను. నా వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మనవరాలు వచ్చి నా పక్కన నిలబడింది. ఆ తర్వాత కింద ఒక ఇంట్లో టీవీ ఆగింది.