బ్రిడ్జి స్తంభం పక్కన పిల్ల

ఆర్కిటెక్చర్ పరీక్ష కోసమని మా మనవరాలు పెద్ద మేడ గీసి, దాని పక్కన చిన్న పిల్లను వేసింది. ఆ పిల్ల మీద వేలు పెట్టాను.

"ఆ పిల్లెవరే?"

"ఎవరూ కాదు అమ్మమ్మా. పక్కన మనిషుంటేనే కదా ఎత్తు తెలిసేది!"

నా చిన్నప్పుడు కొవ్వూరు దగ్గర గోదావరి మీద బ్రిడ్జి కడుతున్నారు. పిల్లల్ని బలి ఇస్తేనే స్తంభం నిలుస్తుందని ఊళ్ళో అనుకునేవారు. ఒకరోజు ఇంజనీరుగారు స్తంభం బొమ్మ గీస్తూ, "కదలకమ్మా" అని నన్నూ అందులో వేశారు. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

"నా పిల్లే దొరికిందా, దిక్కుమాలినోళ్ళకి!" అంటూ అమ్మ ఆ పూటే నన్ను పాలకొల్లులో పిన్ని ఇంటికి పంపేసింది.

ఆయన నన్ను బొమ్మలో వేసింది ఎత్తు కోసమని ఇన్నాళ్ళకు తెలిసింది. అయినా బస్సు బ్రిడ్జి ఎక్కితే కిందికి చూడను. ఆ బొమ్మలో పిల్ల నాకు బదులుగా ఇంకా నీళ్ళలో నిలబడి ఉందనిపిస్తుంది.